మేస్త్రమ్మ చేతులు

కేప్ బ్రెటన్ తీరాన ఒక రేవు ఊరు. మార్చి నెల మధ్యాహ్నం. ఎఫీ మకాస్కిల్ తన వంటగదిలో కూర్చుని ఉంది. బయట మెట్ల మీద నిలబడి తలుపు తీయడానికి తంటాలు పడుతున్న మనిషి మోరాగ్ బీటన్. పీతల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి ఎఫీ మీద అజమాయిషీ చేసిన మేస్త్రమ్మ.

"గట్టిగా తిప్పు. తాళమేం వేయలేదు."

"తిప్పుతున్నా ఎఫీ. జారిపోతోంది."

"చేతితొడుగులు తీసేసి తిప్పు."

"తీసేశాను. తీసినా జారుతోంది. కాస్త లేచొచ్చి తీయవే."

"నేను కూర్చున్నాను."

"చలికి చచ్చిపోతున్నానిక్కడ!"

"చలే మరి. సముద్రం మీద మంచు ఇంకా కదల్లేదు. రెండు చేతులూ కలిపి తిప్పు. ఆ... అదిగో, వచ్చిందిగా. నాకూ మొదట్లో అలాగే ఉండేది. తర్వాత మోచేత్తో తీయడం అలవాటైంది."

"మీ ఆయన లాకీ లేడా?"

"రేవులో పడవకి రంగేస్తున్నాడు. భయపడకు, కూర్చో. నువ్వు కనిపిస్తే నీళ్లలోకి తోసేస్తానన్నాడు గానీ, అది అప్పటి మాట. ఇప్పుడు ఆయనకీ నడుము నొప్పి."

"ఓట్స్ బిస్కెట్లు తెచ్చాను. నీకిష్టమని."

"ఇష్టంగానే ఉండేది. అక్కడ పెట్టు. కెటిల్ పొయ్యి మీదుంది, టీ పోసుకో. నాకూ పొయ్."

"నేనా?"

"నేను పోస్తే సగం బల్ల మీదే పడుతుంది. ఆ పైన నీ ఇష్టం."

"ఆ కెటిల్ నేను ఎత్తలేను ఎఫీ."

"ఎందుకని?"

"ఎందుకో నీకు తెలుసు."

"నాకేం తెలుసు? నువ్వు చెప్తేగా. నోటితో చెప్పు మోరాగ్. కెటిల్ ఎందుకెత్తలేవు?"

"చేతులు... మొద్దుబారిపోతున్నాయి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. రాత్రయితే చీమలు పాకినట్టుంటుంది. లేచి కూర్చుని చేతులు దులుపుకుంటూ ఉంటా."

"ఉంగరం వేలు?"

"సగం."

"బొటనవేలి వైపు సగం."

"ఆ, ఆ వైపే! నీకెలా..."

"చిటికెన వేలు మాత్రం భేషుగ్గా ఉంటుంది. కప్పు పట్టుకోవడానికి పనికిరాదు, చెవిలో పెట్టుకోవడానికి పనికొస్తుంది."

"నవ్వించకే."

"నేను నవ్వట్లేదు. చేతులు ఇలా పెట్టు. అలా కాదు. దణ్ణం పెట్టినట్టు కాదు, దానికి తిరగేసి. అరచేతుల వెనకభాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి వేలాడెయ్. మోచేతులు పైకెత్తు. ఆ, అలాగే ఉంచు. హాలిఫాక్స్‌లో డాక్టరమ్మ నాకు మొదట చేయించింది ఇదే."

"ఎంతసేపు?"

"నేను దించమనేదాకా. ఈలోగా చెప్పు, నీ డాక్టరేమన్నాడు?"

"కార్పల్ టన్నెలన్నాడు. మణికట్టు దగ్గర నరం నలిగిపోతోందట. పట్టీ కట్టుకుని చూడమన్నాడు, తగ్గకపోతే సూది వేస్తానన్నాడు, అదీ కాకపోతే ఆపరేషనన్నాడు. ఏది మేలో ఆయనే తేల్చి చెప్పొచ్చుగా? నన్నే ఆలోచించుకోమన్నాడు. నువ్వు అన్నీ చూసినదానివి, అందుకని అడుగుదామని... ఎఫీ, దించొచ్చా?"

"వద్దు."

"మండిపోతోందే."

"అప్పుడేనా? కదిలే బెల్టు ముందు నిలబడి పొద్దుగూకేదాకా పీత కాళ్లు విరిచేదాన్ని, అచ్చం ఈ మంటతోనే. వచ్చి నీతో చెప్పుకున్నా. ఏమన్నావు?"

"ఏమో. పనిలో సవాలక్ష అంటాం."

"'నొప్పుల్లేని ఆడది ఎవరే ఇక్కడ' అన్నావు. అని, వెళ్లి బెల్టు వేగం ఇంకాస్త పెంచావు."

"నేను పెంచలేదు! పైనుంచి మేనేజరు చెప్తే..."

"మీట మీద చెయ్యి ఎవరిది?"

"దించుతా ఎఫీ, నీకు పుణ్యముంటుంది."

"ఎవరిది చెయ్యి?"

"నాది. నాదే."

"దించు."

"అబ్బా... అమ్మో... కరెంటు పట్టుకున్నట్టుందే భుజం దాకా."

"దులుపుకో. కాసేపటికి పోతుంది. కొన్నాళ్లకి ఆ పోవడం కూడా మానేస్తుంది."

"ఇలాంటివి చెప్పి బెదరగొట్టకు. పట్టీ సరిపోతుందా, అది చెప్పు."

"కట్టుకుంటున్నావా?"

"క్రిస్మస్ నుంచి. రాత్రిపూట."

"పగలు?"

"పగలు తీసేస్తా. ఎవరైనా చూస్తే మేస్త్రమ్మకి కూడా వచ్చిందంటారని."

"నాది మాత్రం అందరి ముందూ ఊడదీయించావు."

"పీతగుజ్జులో దారాలు పడతాయని! అది శుభ్రత రూలు!"

"అవునవును, రూలు. పట్టీ మొదటి దశలో ఉన్నవాళ్లకి పనిచేస్తుంది మోరాగ్. పడుకున్నప్పుడు మణికట్టు మడతపడకుండా ఆపుతుంది, అంతే. రోజంతా విరిచిన చేతికి రాత్రంతా పట్టీ కడితే ఏమొస్తుంది?"

"పోనీ సూది?"

"వేయించుకున్నా. అబ్బ, దేవుడు దిగొచ్చినట్టే అనుకో. ఆ వేసవంతా పసిపిల్లలా నిద్రపోయా. నయమైపోయిందని లాకీతో డాన్సుకి కూడా వెళ్లా. మంచు పడేసరికి మళ్లీ వచ్చింది, ఈసారి బంధుబలగాన్ని వెంటేసుకుని."

"అయితే ఆపరేషనేనా? కోస్తారంటే నాకు భయం."

"పెద్దగా ఏం ఉండదు. మనం మెలకువగానే ఉంటాం. ఇదిగో, అరచెయ్యి మొదట్లో ఇంతే గాటు. లోపల నరం మీద బిగుసుకుపోయిన పట్టీ లాంటిది ఉంటుందట, దాన్ని కోసి వదులు చేస్తారు. నాకు కోసిన రాత్రే చీమలు పోయాయి. అరచెయ్యి మాత్రం కొన్నాళ్లు సలిపింది."

"అయితే బాగైపోయినట్టేగా?"

"ఇలా చూడు. బొటనవేలి కింద. అక్కడ అందరికీ కండ ఉంటుంది. నాకుందా?"

"గుంట పడిపోయింది."

"పట్టి చూడు. భయపడకు, అంటుకునేది కాదు."

"అయ్యో ఎఫీ."

"కార్మికుల పరిహారం బోర్డులో నా కేసు కొట్టేశాక డబ్బు లేదు, సెలవు లేదు. పొయ్యిలో పిల్లి లేవని రోజులు. ఏం చేస్తాను? వచ్చి నీ బెల్టు ముందే నిలబడ్డా. సీజను మీద సీజను. నరం చచ్చేదాకా విరిచా. చివరికి కోసినప్పుడు ఆ డాక్టరమ్మ ఏమందో తెలుసా? నొప్పి తీసేయగలను గానీ పోయిన కండని తేలేనంది. మొదట్లోనే వచ్చుంటే చెయ్యి చెయ్యిలా ఉండేదంది. ఇప్పుడు గుండీలు పెట్టుకోలేను. బాడీ హుక్కు లాకీ పెడతాడు. ఆయన వేళ్లు తాళ్లు లాగి లాగి మొద్దుల్లా ఉంటాయి, పాపం ముక్కుతూ మూలుగుతూ పెడతాడు."

"నాకు తెలీదు ఇంతలా ఉందని."

"నీ కుడిచెయ్యి ఇటు తే."

"ఎందుకు?"

"తే."

"మెల్లగా... ఏంటి, అలా చూస్తున్నావు?"

"నీకూ మొదలైంది. ఇక్కడ పల్లం చూడు. ఎడమచేతికి లేదు, కుడిచేతికి ఉంది."

"అంటే? అంటే ఏంటి ఎఫీ? ఏంటలా ఊరుకుంటావు?"

"చెప్పాలా వద్దా అని చూస్తున్నా."

"ఏం చెప్పాలా వద్దా?"

"నువ్వు మెట్లెక్కుతుంటే కిటికీలోంచి చూశా. ఎందుకొస్తున్నావో అర్థమైంది. ఏం చెప్పి పంపాలో కూడా అప్పుడే అనుకున్నా. 'పట్టీ చాల్లే, తొందరేముంది, ఈ సీజను గడిచాక చూసుకో' అని. ఆఖరి ముక్క నువ్వు నాతో అన్నదే. నువ్వు నమ్మేదానివి. వచ్చే మార్చికి నీ చెయ్యి నా చెయ్యి అయ్యేది."

"నువ్వలా చేస్తావా?"

"చేద్దామనే కూర్చున్నా. ఆరేళ్లుగా నిన్ను ఏమేం చేయాలో అనుకుంటూ పడుకున్నదాన్ని, ఇదొక లెక్కా? తీరా నీ చెయ్యి పట్టుకున్నాక అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఆపరేషన్ చేయించుకో మోరాగ్. సూది మీద కాలం గడపకు. ముందు కుడిచెయ్యి. ఆ డాక్టరమ్మ పేరు చెప్తా, ఎవరైనా రాకపోతే ఆ తారీకు నీకిమ్మని రోజూ ఫోన్ చేసి ప్రాణం తియ్యి. అలా అయితేనే ఈ నెలలో అవుతుంది."

"నువ్వు మంచిదానివే ఎఫీ. నేనెప్పుడూ అంటూనే ఉంటా."

"తొందరపడి అనకు. సలహా అడిగావు, చెప్పాను. డాక్టరమ్మ పేరు చెప్తానన్నాను, అదీ అడగట్లేదు. ఇంకా ఏదో ఉంది."

"ఏం లేదే."

"లేకపోతే మంచిది. చీకటి పడకముందే వెళ్లు, రోడ్డు జారుతుంది."

"అంటే... సోమవారం..."

"సోమవారం?"

"బోర్డు ముందు నా విచారణ. టౌన్లో."

"ఓహో. నువ్వు కూడా కేసు వేశావా?"

"ఈ సీజనుకి రావొద్దన్నారు నన్ను. చేతులు పనిచేయవని తెలిసిపోయింది. ఇన్నేళ్లు చాకిరీ చేస్తే, నాకున్న చక్కెర జబ్బు వల్ల వచ్చిన నొప్పంటున్నాడు మేనేజరు. బొంతలు కుట్టడం వల్లంటున్నాడు."

"నువ్వు బొంతలు బాగా కుడతావు."

"ఎఫీ!"

"ఏం? నేనూ చేతితొడుగులు బాగా అల్లేదాన్ని."

"ఆ సంగతి వదిలెయ్యవే ఇప్పుడు."

"ఎర్రవి. నీ మనవడు పుట్టాడని అల్లాను. అప్పటికే సూదులు పట్టుకుంటే ప్రాణం పోయేది నాకు. అయినా నీ మనవడని అల్లాను. వాటిని నీ బ్యాగులోంచి తీసి బోర్డు వాళ్ల ముందు బల్ల మీద పెట్టావు. 'ఈమె నొప్పి ఇవి అల్లి అల్లి వచ్చింది, మా బెల్టు వల్ల కాదు' అన్నావు. ఇంతింత ఉన్నాయి అవి. వాళ్లలో ఒకాయనకి నవ్వొచ్చింది కూడా."

"నేను నవ్వలేదు."

"లేదు. నువ్వు నావైపే చూడలేదు."

"నన్నేం చేయమంటావు చెప్పు. అయిపోయింది. నా తరఫు మనిషి ఏమన్నాడంటే, బెల్టు మీద నాతో పనిచేసినవాళ్లు ఎవరో ఒకరు వచ్చి చెప్పాలట. మనుషులు తక్కువైనప్పుడల్లా మేస్త్రమ్మనైనా నేనూ మీ పక్కన నిలబడి విరిచానని. అది నిజమే కదా? విరిచాను కదా?"

"విరిచావు. మాకంటే వేగంగా. అది చూపించి మమ్మల్ని తిట్టేదానివి. మిగతావాళ్లని అడగలేదా?"

"అందరికీ భయం. వచ్చే నెల సీజను మొదలవుతుంది, నోరు తెరిస్తే పని పోతుందని. బయటున్నది నువ్వొక్కదానివే."

"నేను రాకపోతే?"

"పోతుంది."

"నాకూ పోయింది."

"ఎఫీ, నా తల్లీ..."

"అడుగు."

"అడిగాగా."

"ఎక్కడ? బిస్కెట్లు తెచ్చావు, చెయ్యి చూపించావు, మేనేజర్ని తిట్టావు. అడగలేదు."

"సాక్షిగా రా ఎఫీ. నీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లొద్దు, పట్టుకున్నా నీ చేతులకి తెలియదు. నాకు ఒక్కదానికి జవాబు చెప్పు. ఆ రోజు ఎందుకలా చేశావు? నా నొప్పి నిజం కాదనుకున్నావా?"

"మేనేజరు పిలిచి చెప్పమన్నాడు."

"అది కాదు నేనడిగింది."

"బెల్టు వేగం తగ్గించాల్సొస్తే పీతలన్నీ అవతలి ఊరి ఫ్యాక్టరీకి పోతాయన్నాడు. అందరి కడుపూ..."

"నా నొప్పి నిజమని తెలుసా, తెలియదా?"

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"నీ మొహం చూస్తే తెలిసేది కదే."

"నా మొహం అందరూ చూశారు. నీకెలా తెలుసు?"

"ఎందుకులే ఎఫీ, తవ్వుకోవడం..."

"సోమవారం రమ్మన్నావు. నీకెలా తెలుసు?"

"ఎందుకంటే నాకూ ఉంది! అప్పటికే ఉంది నాకు! నీకంటే ముందే మొదలైంది. ఇవే వేళ్లు, ఇవే చీమలు. నువ్వొచ్చి చెప్పుకున్నప్పుడల్లా నా చేతులు జేబుల్లో పెట్టుకునేదాన్ని. మేస్త్రమ్మ చేతులే పోయాయంటే ఉంచుతారా? నీది నిజమని బోర్డు ఒప్పుకుంటే అందరి చేతులూ చూస్తారు. నావి కూడా చూస్తారు. అందుకని... ఏమైనా అనవే. తిట్టు. కొట్టు. ఏదో ఒకటి అను."

ఎఫీ బిస్కెట్లని మోచేత్తో అవతలికి నెట్టింది. పొయ్యి మీద కెటిల్ కూస్తోంది.

"ఆ రోజు బల్ల మీద పెడుతుంటే తొడుగుల్లో ఒకటి కిందపడింది."

"జారిపోయింది. పట్టు దొరకలేదు నాకు."

"నేను చూశాను. సిగ్గుతో చెయ్యి వణికిందనుకున్నా."

"ఎఫీ..."

"ఆరేళ్లుగా నీ గురించి నాలో నేను చెప్పుకున్న మంచిమాట అదొక్కటే. ఎంత పాపిష్టిదైనా కనీసం చెయ్యి వణికింది, సిగ్గుపడింది అని. లాకీ నిన్ను తిడుతుంటే కూడా చెప్పా, 'అలా అనకు, దాని చెయ్యి వణికింది' అని."

"సిగ్గు కూడా ఉంది. ఒట్టు. అది కూడా ఉంది."

"వద్దు. ఇప్పుడు తెచ్చి కలపకు."

"క్షమించవే."

"సోమవారం ఎన్నింటికి?"

"ఏంటి?"

"విచారణ. ఎన్నింటికి?"

"పదింటికి. నువ్వు... వస్తావా?"

"వస్తా. లాకీ దింపుతాడు. నువ్వు మాతోపాటు విరిచావు, అది నిజం. ఆ బెల్టు ఆడవాళ్ల చేతులు తినేస్తుంది, అదీ నిజం. అడిగితే రెండూ చెప్తా."

"దేవతవే నువ్వు! నీ మేలు ఈ జన్మలో మర్చిపోను. నీ కేసు కూడా మళ్లీ చూడమని చెప్తా ఎఫీ, నేనే చెప్తా..."

"చెప్తే ఈ కండ మొలుస్తుందా? ఏడవకు. ముక్కు తుడుచుకో. రుమాలు అక్కడుంది, రెండు చేతులతో పట్టుకో, పడిపోతుంది."

"గుండెల మీంచి బరువు దిగినట్టుంది. నా తరఫు మనిషికి ఈ పూటే ఫోన్ చేసి నీ పేరు ఇచ్చేస్తా."

"ఇవ్వు."

"ఒక్కటే ఎఫీ. ఇందాక నోరు జారి చెప్పింది..."

"ఏది?"

"అదే. ఎప్పట్నుంచి ఉందన్నది. వాళ్లకి పోయిన వసంతం నుంచే అని రాయించాను. నొప్పి మొదలైందని తెలిసిన ఏడాదిలోగా చెప్పకపోతే కేసే చెల్లదట. కాబట్టి ఆ ముక్క మన మధ్యే ఉండిపోవాలి."

"అది నన్నడుగుతారా?"

"సాక్షిని మొదట అడిగేదే అది. ఈమెకి నొప్పి ఎప్పట్నుంచి ఉందో మీకేమైనా తెలుసా అంటారు. తెలియదు అంటే సరి. ఒక్క మాట. తెలియదు. అంతే."

"ప్రమాణం చేయిస్తారా?"

"ఆ, అదొక తంతు. బైబిలు మీద చెయ్యి పెట్టమంటారు. నేనూ పెట్టాను కదా అప్పుడు. రెండు నిమిషాల్లో అయిపోతుంది. తెలియదంటావుగా ఎఫీ? ఎఫీ?"

"ఒట్టు వేసి అబద్ధమాడటం నాకు చేతకాదు మోరాగ్. నీకు చేతనైంది."